వెలుగు గీతలు చాలు, పిడి చూపించండి
(డిజైన్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలచుకోవడం మర్యాద. కానీ నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పవలసింది ఎక్కువ కాబట్టి పెద్దలు మన్నించాలి. సైన్స్ ఫిక్షన్ తుపాకుల్లో నాకు నచ్చిన రూపాల గురించి మాట్లాడమన్నారు. బొమ్మలు తెచ్చాను, చూపిస్తాను. దానికన్నా ముందు ఒక మొర వినిపించాలి.

ఈమధ్య వస్తున్న ఆటల్లో, సినిమాల్లో భవిష్యత్తు తుపాకులు ఎలా ఉంటున్నాయో గమనించారా? ఒక నల్లటి పెట్టె. దాని మీద పలకలు, పలకల మధ్య సందులు, సందుల్లో నీలం వెలుగు. ఆ వెలుగు ఎందుకుందో గీసినవారిని అడిగితే చెప్పలేరు. తూటాలు ఎక్కడ పెట్టాలో, వేడి ఎటు పోవాలో, రెండో చెయ్యి ఎక్కడ ఆనించాలో ఆ బొమ్మలో ఉండదు.

నేను ఆటల కోసం వస్తువుల నమూనాలు తయారుచేసే పనిలో ఉన్నవాణ్ణి. ఒకసారి గనిలో పనిచేసే ఒక పాత్రకు తుపాకీ చేయమన్నారు. మందపాటి తొడుగులున్న వేళ్లు దూరేలా ట్రిగ్గర్ చుట్టూ వెడల్పాటి కమ్మీ పెట్టాను. రంగు అరిగి లోహం బయటపడ్డ పిడి, బొటనవేలికి అందే మీట పెట్టాను. చూసిన పెద్దమనిషి, ‘అంతా బాగుంది గానీ భవిష్యత్తులా లేదు, నీలం గీతలు వేయండి’ అన్నారు. వేయించారు. ఆ గీతలతోనే అది బయటికి వెళ్లింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే ఈరోజు ఇక్కడికి రమ్మనగానే ఒప్పుకున్నాను.

మొదటి బొమ్మ వేయండి. అంతరిక్ష సాహసాల బొమ్మల కథల్లోని వీరుడు బక్ రోజర్స్ పేరుతో 1934లో అమెరికాలో డైసీ సంస్థ అమ్మిన రాకెట్ పిస్తోలు ఇది. రేకుతో చేసిన పిల్లల ఆటవస్తువు. అయినా దాని ఒంటి మీది రెక్కలు చూడండి. ఇంజిన్లు చల్లబడటానికి లోహపు రెక్కలుంటాయని అప్పటి పిల్లలకు తెలుసు. రెక్కలున్నాయంటే లోపల ఏదో మండుతోందని వాళ్లు వెంటనే ఊహించుకోగలరు. ఒక్క మాట చెప్పకుండా లోపలి యంత్రాన్ని నమ్మించింది ఆ రేకు ముక్క.

తర్వాతిది మీ అందరికీ తెలుసు. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో హాన్ సోలో అనే పాత్ర నడుముకు వేలాడే పిస్తోలు. దాని అసలు శరీరం 1896 నాటి మౌజర్ సీ96 అనే జర్మన్ పిస్తోలు. గొట్టం చివర విమానాల మెషీన్ గన్ నుంచి తీసిన ముక్క, నెత్తిన ఒక టెలిస్కోపు తగిలించారు. మౌజర్‌లో తూటాల అర పిడిలో కాకుండా ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. అందుకే బరువంతా ముందుకు తోసుకొచ్చినట్టు కాస్త మొండిగా కనబడుతుంది. అంత చిన్న ఆయుధం మీద టెలిస్కోపు చూడగానే, దీన్ని ఎవరో తన అవసరానికి మార్చుకున్నాడని అర్థమవుతుంది. ఇప్పుడు అదే సినిమాలో తెల్ల కవచాల సైనికుల తుపాకులు చూడండి. అవి బ్రిటిష్ స్టెర్లింగ్ తుపాకులు. గొట్టం మీది రంధ్రాల వెంట నల్లటి ప్లాస్టిక్ పట్టీలు అతికించారు. వందమంది చేతుల్లోనూ ఒకే రూపం. ఒకటి సొంత తుపాకీ, మరొకటి ప్రభుత్వ తుపాకీ. సంభాషణ మొదలవకముందే ప్రేక్షకుడికి ఆ తేడా తెలిసిపోయింది. చేతిలో డబ్బు తక్కువై పాత సామాను ఏరుకుని అతికించిన పని ఇదంతా. సెట్ అలంకరణ చూసుకున్న రోజర్ క్రిస్టియన్‌కు, తన బృందంతో పాటు 1978లో ఆస్కార్ వచ్చింది. ఆ పేరు మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. నటుడి పేరు అడిగితే అందరూ ఎత్తేవారు. దయచేసి ఈ పేరు రాసుకోండి.

అన్నట్టు ఆ తుపాకుల శబ్దం గురించి కూడా చెప్పాలి. ఎత్తయిన స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగను సుత్తితో కొట్టి, ఆ సినిమాకు శబ్దాలు సమకూర్చిన బెన్ బర్ట్ ఆ మోతను రికార్డు చేశారు. రూపం గురించి మాట్లాడుతూ శబ్దంలోకి వెళ్లానని తెలుసు, కానీ ఆ తీగ మోత లేకుండా ఆ పిస్తోలును కళ్ల ముందుకు తెచ్చుకోవడం నా వల్ల కాదు.

ఇప్పుడు బ్లేడ్ రన్నర్ సినిమా. 1982. ఈ బొమ్మను కాసేపు తెర మీద అలాగే ఉంచండి. నా దృష్టిలో ఇంతకు మించిన సైన్స్ ఫిక్షన్ తుపాకీ ఇంకా రాలేదు. స్టెయర్ మాన్‌లిషర్ వేట రైఫిల్ నుంచి తీసిన భాగాన్ని చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ రివాల్వర్‌కు జోడించారు. పక్కన, తూటాను లోపలికి నెట్టే బోల్టు పిడి. కింద ఒకదాని వెనక ఒకటిగా రెండు ట్రిగ్గర్లు. కాషాయం కలిసిన తేనె రంగులో, వెలుతురు లోపలికి దిగే పారదర్శకమైన పిడి. రెండో ట్రిగ్గర్ ఎందుకో సినిమాలో ఎవరూ చెప్పరు. చెప్పనక్కరలేదు కూడా. అది వేట రైఫిల్ నుంచి వచ్చిన నిజమైన భాగం కాబట్టి, దానికి ఏదో పని ఉందని కంటికి తెలుస్తుంది.

‘మరి దీని మీదా దీపాలున్నాయి కదా’ అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ చిన్న దీపాలు. యంత్రం సిద్ధంగా ఉందా లేదా అని చెప్పే సూచిక దీపాల్లా ఉన్నాయి. తుపాకీ ఒంటి నిండా పారే వెలుగు కాదది. నా మొర వెలుగు మీద కాదు, పనీపాటా లేని వెలుగు మీద.

సినిమా విడుదలయ్యాక రెండు దశాబ్దాలకు పైగా అభిమానులు తెర మీది దృశ్యాలు ఆపి ఆపి చూస్తూ దీనికి నకళ్లు చేశారు. చివరికి అసలుది 2006లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సులో కనబడింది. 2009 వేలంలో 2,70,000 డాలర్లు పలికింది. ఇన్నేళ్లు అంతమంది ఒక బోల్టు పిడి వంపు కోసం తలలు పట్టుకున్నారంటే ఆ వస్తువులో ఎంత పదార్థముందో ఆలోచించండి. నీలం గీతల తుపాకీని ఎవరైనా అలా వెతుకుతారా?

ఏలియన్స్ గురించి ఎక్కువ చెప్పను. 1986 సినిమా. థాంప్సన్ సబ్‌మెషీన్ గన్, రెమింగ్టన్ షాట్‌గన్ కలిపి పల్స్ రైఫిల్ చేశారు. పక్కన మిగిలిన తూటాల సంఖ్య వెలుగుతూ ఉంటుంది. పనిచేసే వెలుగంటే ఇది. ఆ అంకె తగ్గుతుంటే మనకు గుండె దడ మొదలవుతుంది. 2001లో వచ్చిన హేలో ఆటలో నీడ్లర్ అనే తుపాకీ అయితే అంకె కూడా లేకుండా అదే పని చేసింది. పైన గులాబీ రంగు స్ఫటికాలు ముళ్లలా నిక్కి ఉంటాయి, కాల్చేకొద్దీ తగ్గిపోతాయి. 2007 నాటి పోర్టల్ ఆటలో గోడల మీద ద్వారాలు తెరిచే పరికరం ఉంటుంది; దాని మీది దీపం, చివరగా తెరిచిన ద్వారం నీలమో నారింజో చెబుతుంది.

ఇక 2008 నాటి డెడ్ స్పేస్ ఆట. కథానాయకుడు ఐజాక్ క్లార్క్ సైనికుడు కాదు, ఇంజినీరు. అతని చేతిలోని ప్లాస్మా కటర్ గనుల్లో కోతకు వాడే పనిముట్టు. మూడు కాంతి గీతలు కోత ఎక్కడ పడుతుందో ఎదుటివాడి ఒంటి మీద చూపిస్తాయి. మీట నొక్కితే కోసే తల తొంభై డిగ్రీలు తిరుగుతుంది. నిలువుగా ఉన్న గీతలు అడ్డంగా మారతాయి. కాలు తెగాలంటే అడ్డంగా, చాచిన చెయ్యి తెగాలంటే నిలువుగా. ఆడేవాడు ఆ తల తిరగడం చూసి నిర్ణయం తీసుకుంటాడు. ఇక్కడ కాంతి గీతలే ఆటను నడిపిస్తున్నాయి. నా తుపాకీకి గీతలు వేయించిన పెద్దమనిషికి ఈ ఒక్కటి చూపించి ఉండవలసింది.

విద్యార్థులారా, మీరు రేపు అలాంటి పెద్దమనుషుల ముందే కూర్చుంటారు. గీతలు వేయమంటారు. వేయండి, ఉద్యోగం కావాలి కదా. కానీ వేసేముందు ఆ గీత ఏం చెబుతుందో అడగండి. తూటాల లెక్కా? వేడా? తాళం పడిందనా? 2012 నాటి జపాన్ యానిమేషన్ సైకో పాస్‌లో డామినేటర్ అనే తుపాకీ ఉంది. ఎదుటి మనిషి నేరస్వభావాన్ని కొలిచి, ఆ సంఖ్య నూరు దాటకపోతే ట్రిగ్గర్‌కు తాళం వేసుకుంటుంది. మూడువందలు దాటితే విచ్చుకుని చంపే రూపంలోకి మారుతుంది. అది మెరుస్తుంది, నిజమే. కానీ అది విచ్చుకున్న ప్రతిసారీ ఒక తీర్పు వెలువడినట్టే. అంత బరువైన కారణం ఉంటే ఎంత వెలుగైనా పెట్టండి, నేనే మెచ్చుకుంటాను.

సమయం అయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట. బయట మీ ప్రదర్శనలో చివరి బల్ల మీద ఒక పెన్సిల్ బొమ్మ చూశాను. ఎడమచేతి వాటం వారికోసం పిడిని విప్పి రెండోవైపు బిగించుకునే ఏర్పాటు గీశారు. మర కూడా గీశారు, మర తిప్పే పనిముట్టు పిడి అడుగున ఇరికించి ఉంది. కింద పేరు లేదు. అది ఎవరు గీశారో దయచేసి వచ్చి నన్ను కలవండి. పిడి విప్పినప్పుడు ట్రిగ్గర్ తీగ ఎటు పోతుందో నాకు అంతుపట్టలేదు, మీరే చెప్పాలి.