పాత కూలర్ అమ్మితే చేతిలో మిగిలేదెంత?

[తెర మీద: కొన్నది 2,200. అమ్మింది 4,500.]

విజయవాడ పటమటలో పాత ఇనప కూలర్ 2,200కి కొన్నారు. బాగుచేసి ఆన్‌లైన్లో పెడితే 4,500కి పోయింది. 2,300 మిగిలిందనుకుంటాం కదా? లెక్క రాసి చూద్దాం. ఈ రేట్లన్నీ ఉదాహరణకే, మీ ఏరియా రేట్లు మీరు వేసుకోండి.

ట్రాలీ ఆటోలో సింగ్‌నగర్ దాకా తేవడానికి 250. నీళ్ల పంపు 280. మూడు వైపులా గడ్డి ప్యాడ్లు 300. ఫ్యాన్ మోటారు తిరగడం మొదలవడానికి సాయపడే చిన్న భాగం, కెపాసిటర్ 80. తుప్పు గీకి రంగు వేయడానికి 120. కొన్న ధరతో కలిపితే 3,230. కొన్నవాళ్ల ఇంటికి చేర్చడానికి ఇంకో 250. అంటే 1,020 మిగిలింది.

[తెర మీద: 4,500 – 3,230 – 250 = 1,020]

ఇది కూడా లాభం కాదండి. విప్పడం, కడగడం, ఫొటోలు, "లాస్ట్ ఎంత?" అని అడిగేవాళ్లకి జవాబులు, అంతా కలిపి మూడు గంటలు. గంటకి 100 వేసుకున్నా 300 కూలీ. మీ కూలీ మీరే తీసుకోకపోతే ఎలా? ఇక 720.

చాలామంది వదిలేసేది ఇంకోటుంది: చచ్చిన సరుకు. పది కూలర్లలో ఒకదాని మోటారు వైండింగ్, అంటే లోపలి తీగ చుట్ట, కాలిపోయిందనుకోండి. దాని మీద అప్పటికే 3,230 పెట్టారు. తుక్కుకి వేస్తే 700 వచ్చిందంటే నష్టం 2,530. మిగతా తొమ్మిదింటి మీద పంచితే ఒక్కోదానికి దాదాపు 280.

[తెర మీద: 720 – 280 = 440]

2,300 అనుకున్నది 440 అయింది. ఇప్పుడు కొంటే గిట్టుబాటవుతుందా లేదా అన్నది కొనకముందే తెలియాలి. అందుకు లెక్క వెనక నుంచి వేయాలి.

ముందు అమ్ముడుపోయే ధర పట్టుకోండి. యాడ్‌లో కనిపించేది అడిగే ధర మాత్రమే. ఓఎల్ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో అదే సైజు కూలర్లు ఓ పది సేవ్ చేసుకుని వారం తర్వాత చూడండి. ఇంకా అక్కడే ఉన్నవి చాలావరకు ఎక్కువ చెప్పినవే. చప్పున మాయమైన వాటి ధరలో బేరానికి కొంత తగ్గించుకోండి. 5,200 పెట్టి 4,500కి ఇవ్వడం మామూలే.

[తెర మీద, ఒక్కో అంకె తగ్గుతూ: 4,500 – డెలివరీ 250 – రిపేరు 780 – ఆటో 250 – కూలీ 300 – చచ్చిన సరుకు 280 – కావాల్సిన లాభం 700 = 1,940]

అంటే 700 మిగలాలంటే కూలర్‌కి 1,940 దాటి ఇవ్వకూడదు. ఈ అంకె రాసుకున్నాకే బేరానికి వెళ్లండి.

రిపేరు 780లోనే అయిపోతుందని ఎలా తెలుస్తుంది? నీళ్లు పోయించి, ఆన్ చేయించి చూడండి. ఫ్యాన్ తిరగకుండా మోటారు గూమంటుంటే, ప్లగ్ పీకేసి రెక్కని చేత్తో తిప్పండి. సులువుగా తిరిగితే తరచూ కెపాసిటరే, 80తో పోతుంది. బిగిసిపోతే బుష్షో, బేరింగో పోయింది. కాలిన వాసన వస్తే వైండింగ్ ఖర్చు కలపండి, లేదా వదిలేయండి. బోరు నీళ్లు వాడిన ఇళ్లలో ప్యాడ్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వాటిని మార్చాల్సిందే. ట్యాంకు అడుగున తుప్పు కన్నాలుంటే అతుకులు వేయించుకుంటూ కూర్చోవాలి, అసలు ముట్టుకోవద్దు.

గుంటూరు నుంచి ఫోన్ వచ్చి "ఇంటికి తెచ్చిస్తారా" అంటే, ఆ కిరాయి విడిగా చెప్పండి. ధరలో కలిపేశారంటే 440 కూడా దక్కదు.

మిక్సీలాంటివి కొరియర్లో పంపితే ఇంకో చిక్కు. చాలా కొరియర్లు అసలు బరువు, పెట్టె కొలతల బరువు రెండూ చూసి ఎక్కువదానికే డబ్బు తీసుకుంటాయి. 40×30×30 సెంటీమీటర్ల పెట్టె అయితే, ఆ మూడు కొలతల్ని గుణించి 5000తో భాగిస్తే 7.2 కిలోలు. లోపల మిక్సీ 5 కిలోలే ఉన్నా 7.2కే కట్టాలి. కమీషన్ తీసుకునే సైట్ అయితే, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. 2,000కి అమ్మి 10 శాతం కమీషన్ కడితే పోయేది 200 కాదు, 236.

డబ్బు తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. "క్యూఆర్ పంపాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నవాడు కొనడానికి రాలేదు.

ఇక కాలం. నవంబరులో ఇదే కూలర్ 1,500కే దొరకొచ్చు, కానీ మార్చి దాకా మీ డబ్బు, వరండాలో చోటు రెండూ ఇరుక్కుంటాయి. అదే డబ్బుతో ఆ నాలుగు నెలల్లో నాలుగైదు మిక్సీలు కొని అమ్మగలిగితే, ఒక్కోదాని మీద 250 మిగిలినా కూలర్ కంటే అదే మేలు కావచ్చు. అందుకే నోట్‌బుక్‌లో లాభం పక్కన "ఎన్ని రోజులు ఆగింది" అని ఇంకో గడి గీయండి.