అరవై వేల ఏళ్ల తర్వాత

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నరకం ఎందుకుందో మతాలవారీగా చెప్పమని నన్ను పిలిచారు. గ్రంథాల దగ్గరికి వెళ్లే ముందు మిమ్మల్ని మా ఇంటి అరుగు దగ్గరికి తీసుకెళ్తాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నానమ్మ పోయింది. ఆ పది రోజులూ సాయంత్రం పంతులుగారు వచ్చి అరుగు మీద కూర్చుని గరుడ పురాణం చదివి అర్థం చెప్పేవారు. యమకింకరులు, జీవుణ్ణి కాగే నూనెలో వేసే కుంభీపాకం, ఆకులే కత్తులైన అసిపత్రవనం, చీమూ నెత్తురూ పారే వైతరణి. బడిలో పక్కవాడి బలపం తీసుకున్న సంగతి గుర్తొచ్చి రాత్రిళ్లు అమ్మ చెంగు పట్టుకుని పడుకునేవాణ్ణి.

మూడో రోజున వాకిట్లో, అరుగుకు దూరంగా, మా ఊరి కూలి మనిషి ఒకామె వచ్చి కూర్చుంది. ఆమెకున్న ఎకరం చెక్కను ఒక మోతుబరి తన పొలంలో కలిపేసుకున్నాడు. పెద్దమనుషుల దగ్గరికి వెళితే కాగితాలు చూపించమన్నారు. ఆమె దగ్గర కాగితాలు లేవు. పంతులుగారు పుస్తకం మూయగానే అడిగింది: "అయ్యగారూ, భూమి లాక్కున్నవాడికి ఇందులో ఏముంది?"

పంతులుగారు పుస్తకం తెరవకుండానే శ్లోకం చదివారు. "తానిచ్చిందైనా సరే, ఇతరులిచ్చిందైనా సరే, భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడమ్మా" అన్నారు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అరవై వేల ఏళ్లయ్యాక?" అంది.

నేను వణికిపోతూ విన్న మాటలను ఆమె ఊరటగా విన్నదని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. నరకం గురించి నేను చదివిందంతా ఆమె అడిగిన ఆ రెండు ప్రశ్నల వెంటే నడిచింది. నేటి నా ప్రసంగం కూడా అంతే.

పంతులుగారు చదివిన శ్లోకం మన శాసనాలు చూసినవారికి బాగా తెలుసు. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం" అని మొదలవుతుంది. తెలుగు నేల మీద దొరికిన ఎన్నో రాగిరేకుల మీద, గుడి స్తంభాల మీద దానశాసనం చివర ఈ శ్లోకం కనిపిస్తుంది. కొన్నింటిలో ఈ దానాన్ని చెరిచినవాడికి కాశీలో కపిల గోవులను చంపిన పాపం తగులుతుందని కూడా ఉంటుంది. ఎందుకు చెక్కించారు? రాజు బతికున్నన్నాళ్లూ దానం చెల్లుతుంది. అతని తర్వాత వచ్చేవాడు దాన్ని కాజేస్తే అడిగేదెవరు? సైన్యం ఉన్న రాజుకే తన చేయి అందని చోటు ఒకటి ఉందని తెలుసు. అక్కడ నరకాన్ని కాపలా పెట్టాడు. కాగితం లేని కూలి మనిషికి మొదటి నుంచీ ఆ కాపలా ఒక్కటే దిక్కు.

నరకమంటే దేవుడి కోపమని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది ఎవరూ వినని ఫిర్యాదుకు దొరికిన చోటు అనిపిస్తుంది.

యూదుల విషయం చూడండి. యెరూషలేముకు దక్షిణాన హిన్నోము లోయ ఉంది. అక్కడ తోఫెతు అనే చోట పిల్లలను అగ్నికి ఆహుతి చేసేవారని బైబిలు పాత నిబంధన చెబుతుంది. ఆహాజు, మనష్షే అనే యూదా రాజులే తమ బిడ్డలను ఆ లోయలో అగ్నిపాలు చేశారని రాసి ఉంది. యోషీయా రాజు ఆ చోటును పాడుచేసి ఆ ఆచారాన్ని ఆపించాడు. దాన్ని ఇకమీద వధ లోయ అంటారని యిర్మీయా ప్రవక్త పలికాడు. ఆ లోయ పేరే హీబ్రూలో గెహిన్నోం, గ్రీకులో గెహెన్నా, అరబ్బీలో జహన్నమ్ అయింది. బిడ్డలు కాలిపోయిన నేల పేరే మూడు మతాల్లో నరకానికి పేరు కావడం కాకతాళీయమని నేననుకోను. రాజే కన్నబిడ్డను చంపినప్పుడు ఆ బిడ్డ తరఫున ఏ కొలువులో నిలబడతాం?

ఖురాన్ 81వ సూరాలో, అంటే అధ్యాయంలో, ప్రళయ దినాన్ని వర్ణిస్తూ ఒక మాట ఉంది. నక్షత్రాలు రాలిపోతాయి, పర్వతాలు కదిలిపోతాయి, సముద్రాలు పొంగిపోతాయి. ఆ రోజు ప్రాణాలతో పాతిపెట్టిన ఆడశిశువును అడుగుతారు: నిన్ను ఏ పాపానికి చంపారని. చంపినవాడి కంటే ముందు ఆ పసిదాన్ని అడుగుతున్నారు! నోరు విప్పక ముందే మట్టి కప్పేసిన బిడ్డకు మాట్లాడే రోజు ఒకటుండాలి కదా. ఇది చదివినప్పుడల్లా మా వాకిట్లో కూర్చున్న మనిషి గుర్తొస్తుంది.

హత్య, దొంగతనం ఒక్కటే కాదు. అన్నం పెట్టకపోవడమూ నరకానికి దారే. అదే ఖురాన్‌లో నరకవాసులను మీరిక్కడికి ఎలా వచ్చారని అడిగితే, మేము నమాజు చేయలేదు, పేదవాడికి తిండి పెట్టలేదు అంటారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో క్రీస్తు చెప్పేదీ ఆకలిగొన్నవాడికి పెట్టని అన్నం గురించే. లూకా సువార్తలోని ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు. తన గుమ్మం దగ్గర పడి ఉన్న మనిషిని పట్టించుకోలేదు, అంతే.

బౌద్ధుల పాలి గ్రంథాల్లో దేవదూత సుత్తం అనే బుద్ధుడి ప్రవచనం ఉంది. అందులో యముడు తన ముందుకు తెచ్చిన జీవిని కేకలేయడు, ప్రశ్నలు వేస్తాడు. మలమూత్రాల్లో పడి ఉన్న పసివాణ్ణి చూశావా? నడుం వంగి కర్ర పట్టుకున్న ముసలివాణ్ణి? జబ్బుమనిషిని? శిక్ష పడిన నేరస్థుణ్ణి? శవాన్ని? వాళ్లంతా నీకు కనిపించిన దేవదూతలే, చూసి కూడా నీకు మంచి చేయాలని తోచలేదా అంటాడు. ఆ సుత్తం చివర్లో యముడే, నేను మనిషిగా పుట్టి బుద్ధుడి బోధ వింటే ఎంత బాగుండునని కోరుకుంటాడు. శిక్ష వేసే కుర్చీలో ఉన్నవాడికే ఆ కుర్చీ మీద విరక్తి పుట్టింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. బలహీనుడి ఫిర్యాదు కోసం పుట్టిన నరకాన్ని బలవంతులు లాక్కున్నారు. మన ధర్మశాస్త్రాలు కులం కట్టు దాటినవాడికీ నరకం చూపించాయి. ఆ రోజు ఆమె వాకిట్లో దూరంగా కూర్చోవడం కూడా ఆ భయం పెట్టిన ఏర్పాటే. ఐరోపాలో చనిపోయినవారి శిక్ష తగ్గుతుందని పాపపరిహార పత్రాలు అమ్మారు, 1517లో జర్మనీ క్రైస్తవ సన్యాసి మార్టిన్ లూథర్ తిరగబడింది అందుకే. అప్పు చేసి గోదానం చేస్తే గాని తండ్రి వైతరణి దాటడని ఒక పేద కొడుకును బెదిరించడం నాకు దానికంటే తక్కువ తప్పుగా కనిపించదు.

ఇక ఆమె రెండో ప్రశ్న. ఆ తర్వాత?

మన పురాణాల్లో నరకం చాలావరకు జైలులాంటిది. శిక్ష తీరాక జీవి మళ్లీ పుడుతుంది. కొందరు జీవులకు అంధతమస్సనే చీకటి నరకమే శాశ్వతమన్న ద్వైత గురువు మధ్వాచార్యులలాంటివారు మనలో అరుదు. జైనులకు ఏడు నరకాలు, కాలమానం ఊహకందనిది. అయినా మగధరాజు శ్రేణికుడు ఇప్పుడు నరకంలో ఉన్నాడని, రాబోయే కాలచక్రంలో మొదటి తీర్థంకరుడు, అంటే దారి చూపే జినుడు, ఆయనేనని నమ్ముతారు. క్రైస్తవంలో పెద్ద వాదమే నడిచింది. చివరికి అందరూ దేవుణ్ణి చేరతారని తొలినాటి క్రైస్తవ పండితుడు ఒరిగెన్ ఆశపడ్డాడు, శిక్ష అనంతమని ఆయన తర్వాతి పండితుడు అగస్టీన్ అన్నాడు, అగస్టీన్ మాటే ఎక్కువగా నిలిచింది. ఇస్లాంలో ఆవగింజంత విశ్వాసం ఉన్నవాడు కూడా చివరికి బయటపడతాడని హదీసు, అంటే ప్రవక్త మాట, ఉంది. అవిశ్వాసికి అది శాశ్వతమని ఎక్కువమంది పండితులు అంటారు.

యూదుల లెక్క మాత్రం నా మనసు పట్టుకుంది. దుష్టుడికి గెహిన్నోంలో శిక్ష పన్నెండు నెలలని వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా చెబుతుంది. చనిపోయిన తల్లిదండ్రుల కోసం కొడుకు కద్దిష్ ప్రార్థన చదవాలి. అయితే పదకొండు నెలలకే ఆపేస్తాడు. పన్నెండో నెల కూడా చదివితే తన తండ్రి పూర్తి శిక్ష పడ్డ దుష్టుడని తానే ఒప్పుకున్నట్టవుతుంది కదా! ఆ ఒక్క నెల ఊరుకోవడంలో ఎంత ప్రేముందో చూడండి.

మనకూ అలాంటి ప్రేమ ఉంది. తిక్కన తెనిగించిన స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు నరకం చూపిస్తారు. ద్రోణుడితో ఆడిన అబద్ధానికి అది ఫలం. దుర్గంధం భరించలేక వెనుదిరగబోతే, నీ మీది నుంచి వచ్చే గాలి మాకు హాయిగా ఉంది, కాసేపు ఉండమని ఆర్తనాదాలు వినిపిస్తాయి. ఆ గొంతులు తమ్ములవని, ద్రౌపదిదని తెలియక ముందే ఆయన ఆగిపోయాడు. తెలిశాక, నేనిక్కడే ఉంటాను, నువ్వు వెళ్లమని దేవదూతను పంపేశాడు. తిక్కన శిష్యుడు మారన తెనిగించిన మార్కండేయ పురాణంలో విపశ్చిత్తు అనే రాజు ఇంకో అడుగు ముందుకు వేశాడు. అక్కడున్నవాళ్లు ఆయనకు ఏమీ కారు. అయినా తన పుణ్యమంతా ధారపోసి వాళ్లను విడిపించే దాకా కదలలేదు.

శిక్ష ఉండాలి, శిక్ష తీరాలి. ఈ రెండూ ఒకే మనిషి కోరుకోగలదా అని నన్ను అడిగేవారున్నారు. వారికి ఇది చెబుతాను.

నాన్నమ్మ పోయిన పన్నెండేళ్లకు ఆ మోతుబరి చనిపోయాడు. ఎకరం చెక్క అప్పటికీ ఆమె చేతికి రాలేదు. వాళ్లింట్లోనూ గరుడ పురాణం పెట్టించారు. మా ఇంటి దగ్గర యాతనల అధ్యాయాలు అయిపోగానే లేచి వెళ్లిపోయిన ఆమె, అక్కడ రోజూ వెళ్లి కూర్చుందట. చివరి రోజు మోక్షం గురించి చెప్పే అధ్యాయం చదివేటప్పుడు చాలామంది భోజనాల పనుల్లో పడి లేచిపోయారు. ఆమె మాత్రం పంతులుగారు పుస్తకం మూసేదాకా చేతులు జోడించుకుని కూర్చుందని అమ్మ చెప్పింది.