కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్: వాల్యూమ్ మీద చెయ్యి వేయకండి

ప్రోగ్ రాక్, అంటే పొడవాటి, మలుపుల పాటలుండే ఒక రకం రాక్ సంగీతం, వినాలంటే ముందు తాళం లెక్కలు రావాలన్న మాట ఎవరు పుట్టించారో నాకు తెలీదు. తెలిస్తే మాత్రం ఆ మనిషిని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి మరీ గొడవ పెట్టుకుంటాను. ఎందుకంటే కొత్తగా వినాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. "అన్నా, సెవెన్ బై ఎయిట్, ఆ ఏడు దెబ్బల తాళం అంటే ఏంటో నేర్చుకున్నాక మొదలుపెట్టనా?" నేర్చుకోండి, మంచిదే. కానీ దాని కోసం ఆగనక్కర్లేదు.

ఈ వీడియోలో ఒకటే ఆల్బమ్. కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ వాళ్ల మొట్టమొదటిది, "ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్". 1969 అక్టోబర్ 10న ఇంగ్లండ్‌లో విడుదలైంది. పాటలు 5, మొత్తం ముప్పావు గంటకి కాస్త తక్కువ. ఇందులో చాలా భాగం మామూలు నాలుగు దెబ్బల నడకే. తొడ మీద చెయ్యి వేసుకుని ఆది తాళం వేసుకోవచ్చు, మీ తాతగారు కూడా వేయగలరు. లెక్కల గోల ఆ తర్వాతి ఆల్బమ్‌లలో పెరిగింది, అది వేరే కథ.

మరి మొదటిసారి వినేవాళ్లు ఎక్కడ జారిపోతున్నారు? నేను చూసినంతవరకు ఒకే చోట. వాల్యూమ్ దగ్గర.

ఏం జరుగుతుందో చెప్తాను. ప్లే నొక్కుతారు. మొదటి అర నిమిషం దాదాపు ఏమీ వినపడదు. ఎక్కడో దూరంగా తిత్తి ఊదుతున్నట్టు సన్నటి గుసగుస. "ఏంటి, ఇయర్‌ఫోన్స్ సరిగా పెట్టలేదా" అనుకుని వాల్యూమ్ పెంచుతారు. సరిగ్గా అప్పుడే గిటారు, శాక్సఫోన్, బేస్ అన్నీ కలిసి ఒకే వరసని నెత్తిన మోదినట్టు వాయిస్తాయి. ఉలిక్కిపడి తగ్గిస్తారు. ఏడు నిమిషాల తర్వాత పాట పూర్తిగా పిచ్చెక్కి, ఒక్క కోతతో ఆగుతుంది. ఊపిరి తీసుకునే లోపే వేణువు మొదలవుతుంది. అది వినపడదు, మళ్లీ పెంచుతారు. ఇలా ముప్పావు గంట కుస్తీ పట్టి, చివరికి "ఇదేం గోల బాబూ" అని వదిలేస్తారు.

గోల కాదండీ. దాన్ని గట్టిమేళం అంటారు.

మన పెళ్లిళ్లు గుర్తు తెచ్చుకోండి. మేళం వాళ్లు పొద్దున్నుంచీ ఒక మూల కూర్చుని వాయిస్తూనే ఉంటారు. మనం మాట్లాడుకుంటూనే ఉంటాం, ఎవరి చీర ఎంతో, ఎవరబ్బాయి ఎక్కడున్నాడో. సన్నాయి మన మాటల కింద నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు. అంతే, డోలు విరుచుకుపడుతుంది. పక్కవాడి మాట కూడా వినపడదు. అసలు వినపడకూడదనే ఆ మోత. ముహూర్తం వేళ ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ చెవిన పడకూడదు. ఆ మోతకి ఒక పని ఉంది. అప్పటిదాకా వాళ్లు మెల్లగా వాయించారు కాబట్టే ఆ పని జరుగుతుంది. పొద్దున్నుంచీ అదే మోత మోగిస్తే ముహూర్తం ఎప్పుడు దాటిందో మనకి తెలియదు. ఆ క్షణంలో ఏ పెళ్లిపెద్దా లేచి "బాబూ, కొంచెం సౌండ్ తగ్గించు" అనడు కదా!

ఈ ఆల్బమ్‌లో ఉన్న కిటుకంతా అదే. వీళ్లు చేసిన చిలిపి పని ఏంటంటే, పెళ్లిని గట్టిమేళంతోనే మొదలుపెట్టారు.

మొదటి పాట "ట్వంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్". 2010లో కాన్యే వెస్ట్ తన "పవర్" పాటలో దీన్ని వాడుకున్నాడు, కాబట్టి మీలో కొందరు ఒక ముక్క ఇదివరకే వినే ఉంటారు. గ్రెగ్ లేక్ గొంతుని కావాలనే పాడుచేసి, పగిలిన మైకులోంచి అరుస్తున్నట్టు పెట్టారు. అసలు ఆయనది ఎంత మంచి గొంతో రెండో పాటలో తెలుస్తుంది, అందాకా దాచారు. పీటర్ సిన్‌ఫీల్డ్ రాసిన మాటల్లో నాపామ్ బాంబుల మంటలున్నాయి, అంటే వియత్నాం యుద్ధం. ఆ మోతకి ఇక్కడ ఉన్న పని అది. ఆ సంగతి తెలిశాక ఈ పాట "కొంచెం మెల్లగా ఉంటే బాగుండు" అని అనిపించదు.

ఒక చోటు మాత్రం కాచుకుని ఉండి వినండి. మధ్యలో సోలోలన్నీ అయ్యాక, బ్యాండ్ మొత్తం చిన్న చిన్న ముక్కలు వాయించి ఆగుతుంది. గబగబా నాలుగు స్వరాలు, నిశ్శబ్దం. మళ్లీ ఒక ముక్క, మళ్లీ నిశ్శబ్దం. గిటారు, శాక్స్, బేస్, డ్రమ్స్ అన్నీ ఒకే మనిషి చేతిలో ఉన్నట్టు ఆగుతాయి, కదులుతాయి. అది కూడా గట్టిగా కాదు, దాదాపు గొంతు తగ్గించి. గోల చేసేవాళ్లకి ఇలా ఆగడం చేతకాదు. మైకేల్ జైల్స్ డ్రమ్స్ గురించి విడిగా ఒక వీడియో చేయాలి, చేస్తాను.

ఇంకో సంగతి. ఈ బ్యాండ్ మొదటిసారి కూర్చుని సాధన చేసింది 1969 జనవరి 13న, లండన్‌లో ఫుల్‌హామ్ ప్యాలెస్ రోడ్డులో ఒక కేఫ్ కింద నేలమాళిగలో. జులై 5న హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కంటే ముందు లక్షల మంది ఎదుట వాయించారు. అక్టోబర్‌లో ఆల్బమ్ బయటికొచ్చింది. తొమ్మిది నెలలు! మొదట ఒక పేరున్న నిర్మాతతో మొదలుపెట్టి, అది కుదరక, వెసెక్స్ స్టూడియోలో ఎనిమిది ట్రాక్‌ల యంత్రం మీద తామే సొంతంగా పూర్తి చేసుకున్నారు. మొదటి ఆల్బమ్‌కి అంత తెగువ ఎక్కడిదో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండో పాట "ఐ టాక్ టు ది విండ్". ముహూర్తం అయిపోయింది, అక్షింతలు పడ్డాయి, మేళం మళ్లీ మెల్లగా నడకలో పడింది. ఇయాన్ మెక్‌డొనాల్డ్ వేణువు, లేక్ అసలు గొంతు. మొదటి పాటని తప్పించి ఇది ఒక్కటే ప్లేలిస్ట్‌లో పెట్టుకునేవాళ్లుంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, జాలి. చెవులు ఇంకా రింగుమంటుండగా ఆ వేణువు వస్తే దాని సంగతే వేరు. విడిగా వింటే అందమైన పాట, అంతే.

మూడోది "ఎపిటాఫ్". ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఇక్కడే ఉంది.

పాట వెనక పెద్ద వయొలిన్ల గుంపు ఉన్నట్టు వినిపిస్తుంది. లేదు. అది మెలోట్రాన్. బర్మింగ్‌హామ్‌లో తయారైన కీబోర్డు. దాని లోపల ఒక్కో మెట్టుకి ఒక్కో టేపు ముక్క ఉంటుంది. ఆ టేపు మీద నిజమైన వయొలిన్లు వాయించిన ఒకే స్వరం రికార్డు చేసి ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు నడుస్తుంది. వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. టేపు ఉండేది దాదాపు 8 సెకన్లే. అంటే ఏ స్వరాన్నీ 8 సెకన్లకి మించి పట్టుకోలేరు, వదిలి మళ్లీ నొక్కాల్సిందే. పైగా టేపు కదా, ఒకోసారి కొంచెం వణుకుతుంది, శ్రుతి రవ్వంత అటూ ఇటూ జరుగుతుంది. బీటిల్స్ "స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్" మొదట్లో వినిపించే వేణువుల్లాంటివి ఈ యంత్రానివే. కానీ దాన్ని ఇంత బరువుగా, కొండ కదిలినట్టు వాయించవచ్చని చూపించింది మాత్రం మెక్‌డొనాల్డే అని నా అభిప్రాయం. ఇప్పుడు ఫోన్ యాప్‌లలో కూడా మెలోట్రాన్ శబ్దం దొరుకుతుంది, ఆ వణుకుతో సహా. వణుకు తీసేస్తే ఎవరూ వాడరు!

"ఎపిటాఫ్"లో ఆ వణుకే దిగులు. రేపేమవుతుందో అన్న భయం గురించిన పాట, దాన్ని పాడేటప్పుడు వెనక వయొలిన్లు కూడా కాళ్ల మీద గట్టిగా నిలబడలేకపోతున్నట్టు ఉంటాయి. పెళ్లిలో అప్పగింతల వేళ సన్నాయి ఎలా మారుతుందో మీకు తెలుసు. అదే మేళం, అదే మనుషులు, కానీ ఆడపిల్ల తల్లి వైపు చూడలేం. అది ఈ పాట. ఎల్పీలో మొదటి వైపు ఇక్కడితో అయిపోతుంది. అప్పటి శ్రోతలు లేచి రికార్డు తిప్పాలి. మీరు కూడా ఇక్కడ లేచి మంచినీళ్లు తాగి రండి, నిజంగానే చెప్తున్నాను.

ఇక "మూన్‌చైల్డ్". అసలు పరీక్ష ఇదే. 12 నిమిషాలు. మొదటి రెండున్నర నిమిషాలు జోలపాటలా ఉంటుంది. ఆ తర్వాత... ఏమీ ఉండదు. అంటే ఏమీ లేనట్టే ఉంటుంది. వైబ్రఫోన్ అనే లోహపు పలకల వాద్యం మీద రెండు చుక్కలు, రాబర్ట్ ఫ్రిప్ గిటారు మీద ఒక చిన్న తీగ, జైల్స్ డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాల మీద పుల్లతో గీసినట్టు ఒక చప్పుడు. ఎవరూ ముందే రాసుకున్నది వాయించట్లేదు, ఒకరిని ఒకరు వింటూ అప్పటికప్పుడు అల్లుతున్నారు. దాదాపు పది నిమిషాలు ఇంతే. రికార్డు రెండో వైపు నింపడానికి వేశారని తిట్టేవాళ్లు అభిమానుల్లోనే ఉన్నారు. ఉండొచ్చు కూడా, నాకేం అభ్యంతరం లేదు. అప్పటికప్పుడు అల్లింది కాబట్టి కొన్ని చోట్ల దారి తప్పుతుంది, నేనూ ఒప్పుకుంటాను.

భోజనాలయ్యాక మేళం వాళ్లని ఎప్పుడైనా గమనించారా? పందిట్లో సగం కుర్చీలు ఖాళీ. సన్నాయి ఆయన పీక సరిచేసుకుంటూ రెండు స్వరాలు ఊదుతాడు. డోలు ఆయన వేళ్లతో ఊరికే తడతాడు. మొదటాయన దానికి ఇంకో స్వరం జవాబు చెప్తాడు. ఎవరి కోసమూ కాదు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. "మూన్‌చైల్డ్" అంటే ఆ కుర్చీల్లో ఒకదాంట్లో మీరు కూర్చుని ఉండటం. చేతిలో ఫోన్ ఉంటే ఇది విసుగు. ఫోన్ పక్కన పెడితే నాలుగో నిమిషానికి మీ ఫ్యాన్ చప్పుడు కూడా పాటలో భాగం అవుతుంది.

ఇక్కడ వాల్యూమ్ పెంచకండి. నా మాట వినండి. పెంచారంటే చివరి పాట "ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్" మొదటి దెబ్బకి ఇయర్‌ఫోన్స్ పీకి పారేస్తారు. పది నిమిషాల గుసగుస తర్వాత డ్రమ్స్ ఒక్కసారి మోగి, మెలోట్రాన్ మొత్తం ఆకాశంలా తెరుచుకుంటుంది. ఈ ఆల్బమ్‌లో అసలు ముహూర్తం ఇదీ. మొదట్లో వేసింది ఉత్తుత్తి గట్టిమేళం, మన చెవులు శుభ్రం చేయడానికి. "మూన్‌చైల్డ్" దాటేసి నేరుగా ఈ పాట పెట్టుకునేవాళ్లకి ఆ తెరుచుకోవడం దొరకదు.

టైమ్ అయిపోతోంది, ఎడిటర్ గడియారం చూపిస్తున్నాడు, మిగతావి గబగబా చెప్పేస్తాను.

చివరి పాటలో మాటలు: రాణి, మంత్రగత్తె, విదూషకుడు, నగరం తాళంచెవులు... అర్థం కోసం రాత్రంతా కూర్చోకండి. సిన్‌ఫీల్డ్‌గారు కొంచెం అతి చేశారు, కానీ ఆ మెలోట్రాన్ కింద ఆ అతి కూడా నప్పింది.

కవర్: ఆ అరుస్తున్న ఎర్రటి ముఖం. ముందు వైపు బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. గీసింది బారీ గాడ్‌బర్, వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్. 1970 ఫిబ్రవరిలో, 24 ఏళ్లకే పోయాడు. ఆయన వేసిన ఆల్బమ్ కవర్ ఇదొక్కటే. లోపలి వైపు ఇంకో ముఖం ఉంటుంది, నవ్వుతూ. ఆ నవ్వుని చేత్తో మూసి కళ్లు మాత్రమే చూస్తే పట్టలేని దిగులు కనిపిస్తుందని ఫ్రిప్ అన్నాడు. మూసి చూడండి, నిజమే.

ఆ తర్వాత ఏమైంది: డిసెంబర్‌లో అమెరికా పర్యటన ముగిసేసరికి మెక్‌డొనాల్డ్, జైల్స్ బయటికి వచ్చేశారు. లేక్ వెళ్లి 1970లో ఎమర్సన్, పామర్‌లతో కలిసి ఇంకో బ్యాండ్ పెట్టాడు. అంటే ఈ ఆల్బమ్ వాయించిన మనుషులు ఏడాది కూడా కలిసి లేరు.

ఏ ప్రతి వినాలి: 2009లో స్టీవెన్ విల్సన్ చేసిన కొత్త మిక్స్ చాలా శుభ్రంగా ఉంటుంది, కానీ అందులో "మూన్‌చైల్డ్"ని కోసి 9 నిమిషాలు చేశారు. మొదటిసారికి 12 నిమిషాలున్న పాత ప్రతే పెట్టుకోండి. యాప్ సెట్టింగ్స్‌లో పాటలన్నిటి శబ్దాన్ని సమం చేసే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆపండి. షఫుల్ ఆపండి. వాల్యూమ్ ఎంత పెట్టాలంటే, మొదటి పాటలో ఆ దెబ్బ పడేదాకా ఆగి, అది చెవికి గట్టిగా, కానీ నొప్పి లేకుండా ఉండేలా ఒక్కసారి సరిచేసుకోండి. తర్వాత చెయ్యి తీసేయండి.

ఆఖరి సంగతి. చివరి పాట 7 నిమిషాలు దాటాక ఆగిపోతుంది. అయిపోయిందనుకుని ఇయర్‌ఫోన్స్ తీయకండి. నిశ్శబ్దంలో తాళం మీద చిన్న చప్పుడు, బొమ్మలాటలో వాయించినట్టు ఆర్గాన్ మీద అదే వరస, ఆ తర్వాత బ్యాండ్ మొత్తం మళ్లీ మీద పడుతుంది. పడి, ఎక్కడ ఆగుతుందో చెప్పను. వినేసి, "మూన్‌చైల్డ్"లో ఎన్నో నిమిషంలో ఫోన్ ముట్టుకున్నారో నిజాయితీగా రాయండి.