స్టేషనులో అడిగే మొదటి ప్రశ్న

సభకు నమస్కారం.

లైంగిక హింసకు గురైన మనిషి పోలీసు స్టేషను మెట్టెక్కిందంటే, ఇంట్లోవాళ్లు ఏమంటారో, నలుగురూ ఏమనుకుంటారో అన్న ఎన్నో భయాలను దాటుకొని వచ్చిందని అర్థం. చాలామంది అంతదాకా రానే రారు. వచ్చిన మనిషిని అధికారి ఎలా పలకరిస్తాడన్నదాని మీద ఆమె కోలుకోవడమూ, ఆ కేసు నిలబడడమూ రెండూ ఎంతగానో ఆధారపడి ఉంటాయి. ఆమె అంటున్నాను గానీ, ఈ బాధితుల్లో పురుషులూ ఉన్నారు. వారికి ఎదురయ్యే అపనమ్మకం కూడా తక్కువది కాదు.

"ఎందుకు అరవలేదు? ఎందుకు ఎదిరించలేదు?" అన్న ప్రశ్నలు అడిగేవారికి మామూలుగానే తోస్తాయి, వినేవారికి మాత్రం తప్పు నీదేనన్న తీర్పులా వినిపిస్తాయి. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర చికిత్సాకేంద్రానికి వచ్చిన 298 మంది మహిళలపై జరిపి, 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దాడి వేళ తమ శరీరం కదలలేనంతగా బిగుసుకుపోయిందని 70 శాతం మంది తెలిపారు. అలా కొయ్యబారినవారిలోనే తరువాతి నెలల్లో మానసిక ఆఘాత లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. కదలలేకపోయినందుకు తనను తానే నిందించుకుంటున్న మనిషిని అధికారి కూడా అదే మాట అడిగితే, ఆ నింద ఆమెలో స్థిరపడిపోతుంది.

పైగా ఆఘాతంలో జ్ఞాపకం వరుసగా నిలవదు. ఒక వాసనో, ఒక గొంతో స్పష్టంగా గుర్తుంటుంది. ఏది ముందు, ఏది తరువాత అన్నది గుర్తుండకపోవచ్చు. ఆ తడబాటును అధికారి అబద్ధమనుకొని గద్దించిన కొద్దీ ఆమె మరింత తడబడి, చివరకు ఫిర్యాదును వెనక్కి తీసుకుంటుంది. అప్పుడు అధికారి తన అనుమానమే నిజమైందనుకుంటాడు. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ల యువతిని పోలీసులు ఇలాగే నిలదీసి, అబద్ధం చెప్పానని ఆమె చేతనే అనిపించి, తప్పుడు ఫిర్యాదు చేసిందని ఆమె మీదే కేసు పెట్టారు. 2011లో కొలరాడోలో పట్టుబడిన నేరస్థుడి దగ్గర, దాడి వేళ అతడు తీసిన ఆమె ఫొటోలు దొరికి, ఆమె చెప్పింది నిజమేనని తేలింది. ఈలోగా అతడు మరికొందరు మహిళలపై దాడి చేశాడు.

దర్యాప్తు అధికారి అనుమానించడం మానుకోవాలా అని కొందరు అడుగుతారు. అనుమానాన్ని సాక్ష్యాలతో తేల్చుకోవాలి గానీ, ఆమె ఏడ్చిందా లేదా అన్నది చూసి కాదన్నదే నా జవాబు. ఆమెను అడ్డుతగలకుండా చెప్పనివ్వాలి, చెప్పింది రికార్డు చేయాలి, పదిమందికి పదిసార్లు చెప్పించకూడదు, తనకు నమ్మకమున్న మనిషిని పక్కన కూర్చోనివ్వాలి, కేసు ఎంతవరకు వచ్చిందో ఆమె అడగకముందే తెలియజేయాలి.

ఇవి అధికారి మంచితనానికి వదిలేయవలసిన విషయాలు కావు. 1982లో థేమ్స్ వ్యాలీ పోలీసులు ఒక ఫిర్యాదుదారును కటువుగా ప్రశ్నించిన తీరును బీబీసీ ప్రసారం చేసినప్పుడు, ఆ ప్రజాగ్రహం వల్లనే బ్రిటన్‌లో పద్ధతులు మారడం మొదలైంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 2000 నుంచి మహిళా హక్కుల సంఘాల ప్రతినిధులు ఏటా పోలీసుల లైంగిక దాడి కేసుల ఫైళ్లను తెరిచి, ఆధారం లేదని మూసేసినవాటిని చదివి, తిరిగి దర్యాప్తు చేయవలసినవి ఏవో చెబుతున్నారు. ప్రతి నగరంలోనూ అలాంటి పరిశీలనకు పోలీసు శాఖ తన ఫైళ్లను ఇవ్వాలని ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను.