ధార పెంచడం కాదు, చిల్లు ఎక్కడుందో చూడండి

"ఏం చేయకూడదో చెప్పకండి, ఏం చేయాలో చెప్పండి." ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. బాగా బతకడం గురించి అనుభవజ్ఞులు చెప్పినవాటిలో చాలామటుకు 'వద్దు'లే ఉంటాయి. తీర్చలేని అప్పు వద్దు, కోపంలో నిర్ణయం వద్దు, నిద్ర పాడుచేసుకోవద్దు. ఇప్పుడు వీటికి పిరికి సలహాలని, నెగెటివ్ ఆలోచన అని పేరు పెట్టారు. అది పొరపాటు. ఆ వద్దుల వెనక గట్టి లెక్క ఉంది. ఇవాళ ఆ లెక్కే చూద్దాం.

[తెర మీద: చిల్లికుండ, పైనుంచి ధారగా పడుతున్న నీళ్లు]

చిల్లికుండలో నీళ్లు పోయడం గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. కానీ చిల్లు ఎంత పెద్దదన్నదాని కంటే ఎక్కడుందన్నది ముఖ్యమని ఎవరూ చెప్పరు. మూతి దగ్గర చిల్లుంటే దానికి పైనున్న నీళ్లే పోతాయి, మిగతా కుండ భద్రం. అడుగున ఉంటే, పెసరగింజంత చిల్లయినా సరే, మొత్తం ఖాళీ.

ఇంకో సంగతి 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి తేల్చాడు. చిల్లుకి పైన నీళ్లు ఎంత ఎత్తుంటే అంత వేగంగా బయటికి చిమ్ముతాయి. ఎత్తు 4 రెట్లయితే వేగం 2 రెట్లు. అంటే కుండ నిండేకొద్దీ కారడమూ పెరుగుతుంది. జీతం పెరిగినా చేతిలో ఏమీ మిగలడం లేదనేవాళ్లు ఈ మాట కాస్త ఆగి ఆలోచించాలి.

[తెర మీద: పక్కపక్కనే రెండు కుండలు]

ఎడమ కుండలో ధార రెట్టింపు చేశాం. కుడి కుండలో ధార ముట్టుకోకుండా చిల్లు వైశాల్యం సగం చేశాం. రెండింట్లోనూ నీళ్లు నిలబడే ఎత్తు, అంటే పడేదీ కారేదీ సమానమయ్యే ఎత్తు, 4 రెట్లు అవుతుంది. లెక్కలో రెండూ సమానమే. బతుకులో కాదు. ఆదాయం రెట్టింపు కావాలంటే మన చేతిలో లేనివి ఎన్నో కలిసి రావాలి. చిల్లు మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. పైగా దాన్ని పూర్తిగా మూసేస్తే సన్నటి ధారతో కూడా కుండ నిండుతుంది. మూయకపోతే, ఎంత పోసినా నీళ్లు ఒక ఎత్తు దగ్గర ఆగిపోతాయి.

ఇప్పుడు బతుకులోని అడుగు చిల్లులకి, అంటే ఉన్నదంతా కార్చేసేవాటికి వద్దాం.

నేను మొదట పెట్టేది నిద్ర. సరిగ్గా నిద్రపోకపోతే ఒక్క విషయంలో కాదు, ఆ రోజు చేసే ప్రతి పనిలోనూ కారిపోతుంది: చదువు, ఓపిక, బండి నడపడం, ఆకలి మీద అదుపు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. పొద్దున 6కి లేస్తే రాత్రి 11 అన్నమాట. అంతకంటే నన్ను కలవరపెట్టేది 2003లో వచ్చిన ఇంకో ప్రయోగం. 14 రోజులపాటు రాత్రికి 6 గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్లంతగా తగ్గింది. అంత తగ్గినట్టు వాళ్లకి మాత్రం అనిపించలేదు. "నాకు ఐదు గంటలు చాలు" అనేవాళ్ల మాట నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. అడుగున చిల్లుంటే పైనుంచి చూసేవాడికి కనపడదు.

రెండోది చక్రవడ్డీ అప్పు. నెలకి 3 శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది. ఏమీ కట్టకపోతే 100 అప్పు 12 నెలల్లో 142 దాటుతుంది, 24 నెలల్లో 203. క్రెడిట్ కార్డు బిల్లులో 'కనీస మొత్తం' కట్టి ఊపిరి పీల్చుకునేవాళ్లు ఎక్కడ దెబ్బతింటారంటే, కట్టినదాంట్లో చాలా భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. అప్పులు రెండు మూడు ఉంటే అన్నిటికీ కనీసం కట్టి, మిగిలిన డబ్బంతా ఎక్కువ వడ్డీ ఉన్నదాని మీద పెట్టండి. అది తీరాక ఆ మొత్తం తర్వాతి దాని మీదికి. నెలకి 3 శాతం వడ్డీ కడుతూ, పక్కన ఏడాదికి 7 శాతం వచ్చే డిపాజిట్ దాచుకోవడం పొదుపు కాదు. అత్యవసరానికి కొంచెం ఉంచుకుని మిగతాది అప్పుకి కట్టేయండి.

మూడోది ఇంట్లో చులకన. గొడవలు కాదు, గొడవలు అందరిళ్లలోనూ ఉంటాయి. దంపతుల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన అమెరికన్ సైకాలజిస్టు జాన్ గాట్‌మన్, విడాకుల్ని ముందే పసిగట్టడానికి అన్నిటికంటే గట్టి సూచన అవతలివాళ్లని తక్కువ చేసి మాట్లాడటమే అంటాడు. వెటకారం, కళ్లు తిప్పడం, "నీకేం తెలుసు" అనడం. నిలబడే కాపురాల్లో గొడవ మధ్యలో కూడా ఒక చేదు మాటకి ఐదు మంచి మాటలో, చేతలో ఉంటాయట. ఐదు పోగేయడం కంటే ఆ ఒక్కటీ మింగేయడం తేలిక కాదా? గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు. అప్పుడు కనీసం 20 నిమిషాలు విడిగా ఉండండి. ఎన్ని గంటలకి తిరిగొచ్చి మాట్లాడతారో చెప్పి మరీ వెళ్లండి. చెప్పకుండా వెళ్తే అది మొహం చాటేసినట్టే, గొడవ ఇంకా పెరుగుతుంది.

[తెర మీద: 30, 40, 50, 60]

"ఇప్పుడు సిగరెట్ మానేసి ఏం లాభం" అనేవాళ్లకి ఈ అంకెలు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ బృందం 1951 నుంచి 50 ఏళ్లు అక్కడి డాక్టర్లని గమనించింది. సిగరెట్లు మానని మగ డాక్టర్లు, తాగనివాళ్లకంటే సగటున 10 ఏళ్లు ముందే చనిపోయారు. 60 ఏళ్లకి మానేస్తే సుమారు 3 ఏళ్లు దక్కాయి, 50కి 6, 40కి 9, 30కి దాదాపు మొత్తం పదీ. సగం ఖాళీ అయిన కుండకైనా చిల్లు మూస్తే మిగిలిన సగం నిలుస్తుంది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. పరుల అప్పుకి హామీ సంతకం: వాళ్లు ఎగ్గొడితే మొత్తం మీరు కట్టగలరా? లేకపోతే పెట్టొద్దు, మొహమాటం ఒక్కరోజుదే. కోపంగా రాసిన మెసేజ్: రాయండి, పొద్దున్నే చదివి అప్పుడు పంపండి. పోలిక: ఫోన్లో ఎవరి ఫొటోలు చూశాక మనసు చిన్నబోతుందో వాళ్లని మ్యూట్ చేయండి, వాళ్లు చెడ్డవాళ్లని కాదు, మీ మేలుకే. మూతి దగ్గరి చిల్లులు, అంటే అప్పుడప్పుడూ ఒక స్వీటు, ఆదివారం ఆలస్యంగా లేవడం లాంటివి, వదిలేయండి. చాలామంది పట్టుదలంతా వీటిమీద ఖర్చు చేసి అడుగు చిల్లు దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు.

చిల్లులన్నీ ఒకేసారి మూయబోతే ఒక్కటీ మూసుకోదు. ఒకటే ఎంచుకోండి. "ఇక మీదట జాగ్రత్తగా ఉంటాను" అని రాసుకుంటే పని జరగదు. ఎప్పుడు, ఏం జరిగితే, ఏం చేస్తారో రాయండి. "జీతం పడ్డ రోజే, వేరే ఖర్చు చేయకముందే, ఫలానా అప్పుకి ఇంత కడతాను." "గొంతు పెరిగితే, 20 నిమిషాల్లో వస్తానని చెప్పి బయటికి నడుస్తాను." నిద్రకైతే లేవడానికి పెట్టుకున్నట్టే పడుకోవడానికీ అలారం పెట్టండి: 10:30కి పడుకోవాలంటే 9:45కి. అది మోగగానే ఫోన్ పక్కగదిలో చార్జింగ్‌కి పెట్టేయండి.