చెంబు, బ్యానరు, కొత్తగా దిగిన సొమాలీ కుటుంబం (ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్)

రాజు: ఆఁ కిట్టూ, రికార్డవుతోందా? అవుతోందంట. అందరికీ నమస్కారం. పోయినసారి పక్కింటాయనతో నాకున్న పార గొడవ గురించి మాట్లాడినందుకు బోలెడు మెయిళ్ళొచ్చినయ్, ఇంక దాని జోలికి నేను పోను.

సౌజన్య: పోకు అన్నా. ఆ పక్కింటాయన గూడ వింటున్నడంట ఇప్పుడు.

రాజు: వింటే విననీ, పార మాత్రం నాదే. సరే, ఇవాళ్టి టాపిక్. మిన్నియాపొలిస్ పక్కన ఈడెన్ ప్రైరీ నుంచి ఒకావిడ రాశారు. వాళ్ళ అపార్ట్‌మెంట్స్‌లోకి ఒక సొమాలీ కుటుంబం దిగింది, నానమ్మ, తల్లి, నలుగురు పిల్లలు. కెన్యాలో దదాబ్ శరణార్థి క్యాంపు నుంచి 2024 చివర్లో వచ్చారంట, ముందు ఇంకేదో రాష్ట్రంలో పెడితే చుట్టాలున్నారని మిన్నెసోటాకి వచ్చేశారు. సాయం చెయ్యాలనుంది, ఏం చేస్తే ఏం తప్పవుతుందోనని భయంగా ఉంది అని.

సౌజన్య: అడగాలె. ఏం కావాల్నో వాళ్ళనే అడగాలె. అయిపోయింది ఎపిసోడ్.

రాజు: గంట నింపాలి తల్లీ. ఫస్ట్ పాయింట్ నేను చెప్తా. చెంబు.

సౌజన్య: షురూ అయింది.

రాజు: నవ్వకు. ఇల్లు రెడీ చేసేటప్పుడు శరణార్థుల్ని చూసుకునే ఏజెన్సీవాళ్ళ దగ్గర లిస్టుంటుంది, మంచాలు, దుప్పట్లు, గిన్నెలు, సబ్బు, ఆఖరికి టాయిలెట్ పేపర్ కూడా ఉంటుంది. నీళ్ళకి ఏమీ ఉండదు! ముస్లిం కుటుంబం, ఐదు పూటలా నమాజు చేసేవాళ్ళు, శుభ్రం అంటే నీళ్ళే కదా. మొక్కలకి పోసే ప్లాస్టిక్ క్యాన్ ఒకటి తీసుకెళ్ళి ఏమీ మాట్లాడకుండా బాత్రూమ్‌లో పెట్టొచ్చెయ్యండి, మీకంటే ఆప్తులుండరు. మనం సూట్‌కేసులో మగ్గు పెట్టుకొచ్చిన జాతి, ఇది మనకి ఒకళ్ళు చెప్పాలా?

సౌజన్య: పాయింట్ కరెక్టే, కాదంటలేను. ఇగ నావి గబగబ చెప్తా. పేర్లు. వాళ్ళకు ఇంటిపేరుండది. మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, అదీ వరస. పెళ్ళయినా ఆడామె పేరు మారది. అంటే ఒక్క ఇంట్లనే తల్లి చివరి పేరు ఒకటి, తండ్రిది ఒకటి, పిల్లలది ఇంకోటి. స్కూల్ల ఫారాలు నింపంగ ఆఫీసామె, వీళ్ళు నిజంగ నీ పిల్లలేనా అన్నట్టు చూస్తది.

రాజు: ఎఫ్ఎన్‌యూ, అంటే "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" గాళ్ళం, మనకి తెలీదా ఆ బాధ. మా బావమరిది లైసెన్సు మీద ఇప్పటికీ...

సౌజన్య: బావమరిది కథ వద్దు. రెండోది, ఇంట్ల సగం మందికి పుట్టినరోజు జనవరి 1 ఉంటది. 1991ల సొమాలియాల సియాద్ బర్రే సర్కారు కూలిపోయినంక సర్టిఫికెట్లు ఏడియి? క్యాంపు కాగితం మీద ఏదో ఒక తారీకు పడాలె, జనవరి 1 రాసిన్రు. దాని మీద జోకులెయ్యకున్రి. జోకు సంగతి పక్కకు పెడితే, ఫార్మసీల పేరు, పుట్టినరోజు చూసే మందులిస్తరు, కలగలిసిన పేర్లు, అందరిదీ ఒకటే తారీకు, ఒకరి గోలీలు ఒకరికి పోతయ్. సంచి మీద పేరు మొత్తం చదివి తీస్కోమనున్రి.

రాజు: ఇది బాగా చెప్పావ్.

సౌజన్య: మూడోది షేక్‌హ్యాండ్. మగవాళ్ళు ఆడవాళ్ళ ముందట చెయ్యి చాపకున్రి, వాళ్ళు చాపితే కలుపున్రి, లేకుంటే గుండె మీద చెయ్యి పెట్టుకుంటె సాలు. నాలుగోది, మీరు ఏ తెగ అని అడగకున్రి, ఆ దేశంల యుద్ధం ఎవరెవరి నడుమ నడిచిందో గుర్తుంటే ఆ ప్రశ్న నోట్లకెళ్ళి రాదు. ఐదోది...

రాజు: ఆగాగు, లిస్టు చదువుతున్నావేంటి. మన తెలుగు సంఘంవాళ్ళు ఇంకో సొమాలీ కుటుంబానికి ఇదే పని చేశారు కదా, ఏ సంఘమో చెప్పన్లే, నువ్వు కూడా వెళ్ళావు ఆ వ్యాన్‌లో. బానే చేశారు కదా?

సౌజన్య: బాగ చేసిన్రు. మంచాల కంటె ముందు బ్యానరు దిగింది.

రాజు: అబ్బా.

సౌజన్య: నిజం. పరుపులింకా ట్రక్కులనే ఉన్నయ్, ఇంట్ల బల్లగూడ లేదు, గోడకు మాత్రం బ్యానరు కట్టిన్రు. స్పాన్సర్ల లోగోలు, అధ్యక్షులవారి ఫోటో, ఆ తల్లి పేరు గూడ రాయలే దాని మీద. అందర్నీ నిలబెట్టి బియ్యం సంచి ఇట్ల పట్టుకోమన్నరు. నానమ్మ మొకం మీదికి కొంగు లాక్కొని కిచెన్లకు పోయింది. పదేండ్ల పిల్లగాడు ఉన్నడు, ఆనికొక్కనికే ఇంగ్లిష్ వస్తది, ఆనితోని "మమ్మీకి నవ్వమని చెప్పు" అంటున్నరు. ఆడు తల్లికి ఏం చెప్పిండో గని ఆమె నవ్వలే.

రాజు: సరే, అది ఓవరే. కానీ ఫోటో వద్దంటే నేనొప్పుకోను. పదిమంది దగ్గర డబ్బులు తీసుకున్నాక లెక్క చెప్పొద్దా? ఫోటో చూస్తేనే వచ్చేసారి ఇంకో పదిమంది ఇస్తారు. నీకూ తెలుసు, నాకూ తెలుసు.

సౌజన్య: లెక్కకు బిల్లు ఉంటది. మొకం ఎందుకు?

రాజు: బిల్లు చూసి ఎవడమ్మా కదిలేది? మనోళ్ళు గుళ్ళో ఫ్యానిచ్చినా రెక్క మీద తాత పేరు రాయిస్తారు.

సౌజన్య: ట్యూబ్‌లైటు మీద మూడు తరాల పేర్లు రాస్తే ఇంక వెలుతురెక్కడికెళ్ళి వస్తది అన్నా? ఆ వెలుతుర్ల ఎవరు కూసోవాలె?

రాజు: డైలాగులు బానే ఉంటయ్. ప్రాక్టికల్‌గా చెప్పు.

సౌజన్య: ప్రాక్టికలే చెప్తున్న. ఆమె చెల్లె ఇంకా దదాబ్‌లనే ఉండొచ్చు, తమ్ముడు సొమాలియా రాజధాని మొగదిషుల ఉండొచ్చు. ఈమె మొకం, పిల్లల మొకాలు, అపార్ట్‌మెంట్ నంబరు కనబడే తలుపు, అన్నీ ఫేస్‌బుక్‌ల పెట్టినవ్, అది చూసి అక్కడున్నోళ్ళకు ఏమన్నా అయితే? రేపు ఆ స్కూల్లనే మన పిల్లలు చదువుతరు, ఆ పిల్లగాడు బస్సెక్కితే "మా డాడీ మీకు రైస్ ఇచ్చిండు" అంటే? ఆడు ఏం పాపం చేసిండు?

రాజు: పిల్లల ముఖాలు బ్లర్ చెయ్యొచ్చు.

సౌజన్య: బ్లర్ చేసిన పిల్లల్ని ఎందుకు చూపెట్టుడు మరి!

రాజు: నువ్వు అరవకు. కిట్టు లెవెల్స్ తగ్గిస్తున్నాడు చూడు.

సౌజన్య: అరుస్తలేను. అడిగితే ఆమె వద్దనదు, అదే నా బాధ. ఎట్లంటది? మంచం మీరే తెచ్చిన్రు, బియ్యం మీరే తెచ్చిన్రు, ఇరవై మంది మనుషులు షూలతోని ఇంట్ల నిలబడ్డరు. ఆ టైమ్ల "ఓకే" అంటె అది ఓకేనా?

రాజు: (ఆగి) షూలతోనా?

సౌజన్య: షూలతోనే. మనోళ్ళు. ఇంట్ల చెప్పులిడిచే మనోళ్ళు.

రాజు: ఛీ.

సౌజన్య: ఆమె పిల్లలు పడుకునే కార్పెట్ అది. మల్ల దాని మీదనే నమాజు.

రాజు: ఊఁ. ...మా నానమ్మది అవనిగడ్డ దగ్గర, నీకు చెప్పానుగా. 1977 ఉప్పెన. లారీల్లో బట్టలొచ్చేవంట, పైనుంచి విసిరేవాళ్ళంట, కింద జనం పట్టుకోవాలి. ఆవిడకొక చీర దొరికింది, ఆకుపచ్చది, మంచి చీరే. కట్టుకోలా. ఎప్పుడూ కట్టుకోలా. ట్రంకు పెట్టె అడుగున అట్టానే ఉండేది, మేమడిగితే "అది ఇచ్చింది కాదురా, పడింది" అనేది.

సౌజన్య: ...

రాజు: అయినా లెక్క చెప్పాలి సౌజన్యా. నేను దాని మీదే ఉన్నా. సామాన్లన్నీ వ్యాన్‌లోకి ఎక్కించేటప్పుడు ఫోటో తీసుకోండి, మన మొహాలు మనం వేసుకోండి, బ్యానరు మన పార్కింగ్ లాట్‌లో కట్టుకోండి. ఇంటి గడప దాటాక ఫోన్ జేబులో. అదైనా ఒప్పుకుంటావా?

సౌజన్య: బ్యానరు పార్కింగ్ లాట్ల కట్టుకుంటె నాకేంది.

రాజు: ఆ సామాన్లలో చెంబు కూడా ఉండాలి.

సౌజన్య: (నవ్వుతూ) నీ చెంబు తగలెయ్య.

రాజు: సరే, నీ లిస్టు ఎక్కడ ఆగింది? ఐదు.

సౌజన్య: ఐదోది ఇప్పుడే చెప్పినట్టయింది, పిల్లల్ని ఇంటర్‌ప్రెటర్ చెయ్యకున్రి. డాక్టర్ దగ్గర అస్సలొద్దు, తల్లి ఆడరోగం గురించి కొడుకు ఎట్ల చెప్తడు? ఫెడరల్ డబ్బు తీసుకునే హాస్పిటలయితే ఇంటర్‌ప్రెటర్‌ని ఫ్రీగ ఇయ్యాలె, ఆడదాన్ని కావాల్నని అడగొచ్చు. ఇంకోటి, "సొమాలీ" అంటే సరిపోదు. దక్షిణం దిక్కు కొంతమంది, సొమాలీ బంటూలనే జాతిల శానామంది, మాయ్ అనే భాష మాట్లాడుతరు. ఉత్తి సొమాలీ ఇంటర్‌ప్రెటర్‌ని పెడితే ఆమె తల ఊపుతది గని సగం సమజ్ గాదు.

రాజు: ఇది నాకు కొత్త. డబ్బుల సంగతి చెప్పు, ఆవిడ మెయిల్లో అడిగారు కూడా, ఏదో లోన్ లెటరొచ్చింది, కంగారు పడుతున్నారని.

సౌజన్య: అది విమానం టికెట్ల అప్పు. ఐఓఎం అని వలసల అంతర్జాతీయ సంస్థ ఉంటది, వాళ్ళు టికెట్లు కొనిస్తరు, వచ్చినంక ఆరు నెలలకు కట్టుడు మొదలు. దానికి వడ్డీ లేదు, ఈ ముక్క గట్టిగ చెప్పున్రి, వాళ్ళకు వడ్డీ హరాం, అప్పు కాగితం చూడంగనే వడ్డీ ఉంటదని భయపడుతరు. మనం క్రెడిట్ కార్డు తీస్కోమని లెక్చర్లిచ్చేటప్పుడు గూడ ఆ సోయి ఉండాలె. వాళ్ళల్ల వాళ్ళు చీటీలేసుకుంటరు, అయూతో అంటరు, ఆడోళ్ళే నడిపిస్తరు, పాట ఉండది, వరసగ ఒక్కొక్కరికి.

రాజు: పాట లేని చీటీయా! కమీషన్ లేదా? మా కాకినాడ అత్తయ్యకి చెప్తే నమ్మదు.

సౌజన్య: మొదటి 90 రోజులే ఏజెన్సీ చూసేది. వీళ్ళు రాష్ట్రం మారిన్రు కాబట్టి అది గూడ గల్లంతయితది. 2025 జనవరిల శరణార్థుల్ని తెచ్చే ప్రోగ్రామే ఆపేసినంక ఆఫీసులల్ల మనుషుల్ని తీసేసిన్రు, ఫోనెత్తేటోళ్ళు లేరు. అందుకే పక్కింటోళ్ళ పని ఇప్పుడు ఎక్కువ. బస్సు కార్డు, బళ్ళె అడ్మిషను, కోట్లు. కోట్లు పాతయి అయినా పర్లేదు గని జిప్పు పనిచెయ్యాలె, జిప్పు చూసి ఇయ్యున్రి.

రాజు: తిండి? బిర్యానీ పట్టుకెళ్దామనే అనుకుంటారు మనోళ్ళు.

సౌజన్య: కోడి హలాల్ కాకపోతే తినరు, మర్యాదకు తీసుకొని ఏం చెయ్యాల్నో తెల్వక కూసుంటరు. పులిహోర తీస్కపోన్రి, లడ్డూలు తీస్కపోన్రి. జంతువుల తోలు, ఎముకలకెళ్ళి తీసే జెలటిన్ ఉన్న మిఠాయిలు పిల్లలకియ్యకున్రి. వాళ్ళు ఛాయ్ ఇస్తే మాత్రం తాగున్రి, "అయ్యో వద్దండీ మీకెందుకు శ్రమ" అని నాటకాలొద్దు. ఏలకులు, దాల్చిన చెక్క, లవంగాలు, చక్కెర దండిగ. పొద్దున అంజేరో పోస్తరు, పిండి పులియబెట్టి, ఒక్క దిక్కే కాలుస్తరు, పైన మొత్తం బొక్కలు బొక్కలు.

రాజు: మా పెనం మీద వేసే మెత్తటి అట్టే. నెయ్యీ పంచదారతో తింటారంట, విన్నా.

సౌజన్య: నువ్వుల నూనెతోని గూడ తింటరు. ఆ నానమ్మ మాకు పెట్టింది, తర్వాత ఒక్కదాన్నే పోయిన నేను. పోంగనే ఏమన్నదో ఎరికేనా? హిందీల, "బేటీ, బైఠో". నేను పరేషాన్. మొగదిషుల చిన్నప్పుడు హిందీ సినిమాలు చూసి నేర్చుకున్నదంట. మా టోలిచౌకి పారామౌంట్ కాలనీల సొమాలీ స్టూడెంట్లు ఉంటుండె, ఆళ్ళు గూడ గట్లనే మాట్లాడేటోళ్ళు. మేమిద్దరం గంట సేపు ధర్మేంద్ర గురించే మాట్లాడినం. నడుమల ఊన్సి వేసింది, నిప్పుల మీద సాంబ్రాణి లెక్క, స్మోక్ అలారం మోగుడు, ఆమె హడలిపోయి పిల్లల్ని పట్టుకునుడు, ఇగ ఆ అలారం ఆపుడు ఎట్లనో నేను కుర్చీ ఎక్కి చూపెట్టిన. ఎవరన్నా పోతే ఫస్ట్ ఆ బటన్ చూపెట్టున్రి, ప్రాణం మీదికొస్తది ఆ సప్పుడు.

రాజు: కిటికీ తియ్యమనొచ్చు కదా.

సౌజన్య: జనవరిల? మిన్నియాపొలిస్‌ల?

రాజు: అదీ నిజమే. భోజనం కూడా పెట్టిందా?

సౌజన్య: పెట్టింది. బరీస్, అంటే మసాలా అన్నం, మేకమాంసం. నేను శనివారమని మాంసం పక్కకు పెట్టిన, ఏమనుకోలే, ఇంకింత అన్నం, ఒక అరటిపండు పెట్టింది.

రాజు: అరటిపండు తర్వాత తినడానికి?

సౌజన్య: కాదు, అన్నంలకే. ముద్దకింత కొరుక్కోవాలె.

రాజు: మసాలా అన్నంలో అరటిపండా? లేదు లేదు, అది నేనొప్పుకోను, పెరుగన్నంలోకంటే ఓకే...

సౌజన్య: కారానికి తియ్యగ మస్తుంటది అన్నా, ఒకసారి తిని...

రాజు: తినను. గుంటూరు కారంతో పుట్టినోణ్ణి, నాకు...

సౌజన్య: నువ్వు కాకినాడ కదా!

రాజు: అమ్మమ్మది గుంటూరు. ఏంటి కిట్టూ, ఏంటా సైగ?

సౌజన్య: మా వాని బస్సొచ్చింది, నేను పోతున్న, మైక్ ఎట్ల తీస్తరు ఇది, కిట్టూ...