జానెడున్నర చేప, ముప్పై ఏళ్ల ఆయుష్షు

సభకు నమస్కారం. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మన విజయవాడ వాళ్లకు చేప అనగానే బొచ్చె, రాగండి, కొర్రమీను గుర్తుకొస్తాయి. చెరువులో వదిలిన బొచ్చె పిల్ల, మేత సరిగా అందితే, ఏడాది తిరిగేసరికి కిలో తూగుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయే చేప ముప్పై ఏళ్లు బతికినా 33 సెంటీమీటర్లకు, అంటే సుమారు జానెడున్నరకు, మించి పెరగదు.

దానిని పొడవు రెక్కల చార్ అంటారు; శాస్త్రీయ నామం సాల్వెథైమస్ స్వెటొవిడొవి. చల్లని నీటి చేప ట్రౌట్‌కు దాయాదులైన చార్ చేపలను సాధారణంగా ఒంటి చుక్కలను బట్టి పోల్చుకోవచ్చు: ట్రౌట్‌కు లేత ఒంటిపై ముదురు చుక్కలు, చార్‌కు ముదురు ఒంటిపై లేత చుక్కలు. రష్యా ఈశాన్య కొసన, చుకోత్కాలోని ఎల్గిగిత్గిన్ సరస్సులో తప్ప ఈ జాతి లోకంలో మరెక్కడా లేదు. సుమారు 36 లక్షల ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన గుంటలో నిలిచిన నీరది; వెడల్పు 12 కిలోమీటర్లు, లోతు 170 మీటర్ల పైచిలుకు. చెరెష్నెవ్, స్కోపెట్స్ అనే శాస్త్రవేత్తలు 1990లో దీనిని కొత్త ప్రజాతిగా, అంటే దగ్గరి జాతులను కలిపే వర్గంగా (జీనస్), వర్ణించారు. దీనితోపాటు అక్కడ మరో రెండు రకాల చార్‌లున్నాయి. వాటిలో పెద్దదైన బొగనీడా చార్ తోటి చార్‌లనే వేటాడి తింటుంది.

మన చేప మాత్రం లోతు నీటిలో జంతుప్లవకాలను, అంటే నీటిలో తేలాడే సూక్ష్మమైన జీవులను, తిని బతుకుతుంది. ఏడాదిలో సుమారు తొమ్మిది నెలలు సరస్సు మంచు కప్పు కిందే ఉంటుంది. ఈ చేప ఉండే లోతులో నీరు ఎన్నడూ మూడు డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. చేపకు సొంత ఒంటి వేడి ఉండదు కనుక, అంత చలిలో అరుగుదలా పెరుగుదలా రెండూ మందగిస్తాయి.

చేప వయసు ఎలా తెలుస్తుందని విద్యార్థులు అడుగుతుంటారు. కొన్ని సముద్రపు చేపల తల నములుతుంటే పంటికింద తెల్లని రాయి తగులుతుంది కదా, అది చెవి రాయి. దానిని పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, చెట్టు మొద్దులోలాగే, ఏడాదికొక వలయం కనిపిస్తుంది. చల్లని నీటి చేపలో ఆ వలయాలు వెంట్రుకంత దూరం కూడా లేకుండా ఒకదానినొకటి ఒరుసుకుని ఉంటాయి. ఇలాంటి చేపలను నాలుగు వలలు వేసి పట్టేస్తే, ఆ లోటు పూడడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే ఆ సరస్సులో వేట వద్దనే నేను గట్టిగా అంటాను.

నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది దీని సంతానోత్పత్తి. మన రాగండి తొలకరి వరద కోసం కాచుకుని గుడ్లు పెడుతుంది. చార్‌లు చాలావరకు శరదృతువులో పెడతాయి. ఈ చేపకు గుడ్లు పెట్టే నిర్ణీత కాలమంటూ కనబడదు. పైన మంచు కరిగినా గడ్డకట్టినా ఆ అడుగు నీటిలో చలి మారదు, వెలుతురు పెద్దగా చేరదు; రుతువు మారిందని చేపకు చెప్పే కబురేదీ అక్కడిదాకా దిగదు.